తాన్ వదిన తలుపు

పోయిన వారం మీరు పత్రిక మూసేసరికి మేము వానలో ఉన్నాం. ఇప్పుడూ వానలోనే ఉన్నాం, కంగారు పడకండి. ఆ కొండల్లో వసంతం అంటే వానే.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సర్కారు సైన్యం తరుముతుంటే చియాలింగ్ నది దాటి పడమటి కొండల్లోకి వెనక్కి తగ్గుతున్న ఎర్రసైన్యంలో మాది ఆడవాళ్ళ స్ట్రెచర్ కంపెనీ. గాయపడ్డవాళ్ళను మోయడం మా పని. ఒక్కో స్ట్రెచర్‌కు నలుగురం. మా నలుగురిలో పెద్దది పూ అక్క, మా దళనాయకురాలు. తర్వాత పొడుగు రెన్, తిండికి ముందుండే సన్మే, ఆఖరున నేను, గౌ తైజెన్‌ని. ఖాళీ స్ట్రెచర్ తెస్తూ తెస్తూ గట్టు మీద కాలు జారి పూ అక్క వాగులో పడింది. స్ట్రెచర్ తునాతునకలైంది, అక్క తొడ ఎముక విరిగింది. ఆసుపత్రి దాకా కదలకుండా చదునుగా పడుకోబెట్టి తీసుకురమ్మని డాక్టరు కబురు పెట్టాడు. చదునైనది ఏముంది మా దగ్గర? తలుపులున్నాయి.

మేము ఏ ఊళ్ళో ఆగినా తలుపులు ఎత్తి తీసి, వాటి మీద పడుకునేవాళ్ళం. బురద నేల మీద పడుకుంటే తెల్లారేసరికి కంపెనీ సగం దగ్గుతూ లేస్తుంది. పోయేముందు మాత్రం ఏ గుమ్మం తలుపు ఆ గుమ్మానికి పెట్టి, పరుచుకున్న గడ్డి మోపు కట్టి పోవాలి. అది మా సైన్యం నియమం. ఆ నియమం మాకు నూరిపోసింది చియావ్, మా కంపెనీ రాజకీయ బోధకురాలు. చాటున మేము ఆమెను పంతులమ్మ అనేవాళ్ళం.

ఆ ఊరి దొర లియావ్ మా రాకకు ముందే తన గూండాలను వెంటేసుకుని పారిపోయాడు. మిగిలిన జనం ఎప్పటిలాగే సైన్యమనగానే బెదిరి కొండెక్కి దాక్కున్నారు. పారిపోయిన దొర సొత్తు వాడుకోవచ్చు కనుక, పూ అక్కను దొర ఇంటి తలుపు మీద మోసుకుపొమ్మని చియావ్ అనుమతి ఇచ్చింది. మిగతా తలుపులన్నీ తెల్లవారకముందే, ఆ చీకట్లో, ఆ వానలో, దగ్గరుండి పెట్టించింది. మా చేతులు ఖాళీ లేకపోతే ఒక తలుపు తనే ఎత్తి పెట్టింది. మేము మిగిలిన తలుపు కింద రెండు బొంగులు కట్టి, అక్కను పడుకోబెట్టి, ముగ్గురం భుజానికెత్తుకున్నాం. మొదటి గుట్ట ఎక్కుతుండగా వెనక నుంచి ఎవరో ఆడమనిషి "నా తలుపు, నా తలుపు" అని అరుస్తూ వస్తోందని రెన్ వెనక్కి తిరిగింది. పోయిన వారం అక్కడ ఆగాం.

ఇక వినండి.

ఆమె దగ్గరికి వచ్చేసరికి అరుపు పోయి ఆయాసం మిగిలింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. తలకు నీలం గుడ్డ, మోకాళ్ళ దాకా బురద. భుజాన జనపతాడు చుట్ట ఉంది, వీపుకు కట్టుకుని మోసుకుపోవడానికే తెచ్చుకున్నట్టుంది. మా ముఖాలు కూడా చూడలేదు. తిన్నగా వచ్చి తలుపు అంచు పట్టుకుంది.

"దించండి," అంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"తాన్ వదినంటే ఊళ్ళో ఎవరైనా చెప్తారు. మీరు దొంగలో దొరసానులో నాకు తెలీదు గానీ, ఈ తలుపు నాది."

"ఇది లియావ్ దొర ఇంటి తలుపు."

"దొర తలుపు నా గుమ్మానికి తగిలించి వచ్చారమ్మా మీరు. కింద జానెడు సందు. ఊళ్ళో పిల్లులన్నీ తలొంచకుండా లోపలికి రావొచ్చు. దొరకైతే ఇంటినిండా తలుపులు. నాకున్నది ఒక్క గుమ్మం, దానికి పట్టేది ఇదొక్కటే. మా ఆయన చేతుల్తో చేసింది. దించండి, నేను మోసుకుపోతా."

సన్మేకు పిల్లుల మాట దగ్గర నవ్వొచ్చింది. నవ్వితే బరువు కదిలి అక్క మూలిగింది. నాకు ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచి నలుగురు మోసే బరువు ముగ్గురం మోస్తున్నాం. వెనక ఇద్దరుండాల్సిన చోట రెన్ ఒక్కతే రెండు బొంగుల మధ్య దూరి నడుస్తోంది. మనిషి పొడుగే గానీ ఇనుముతో చేసింది కాదు కదా.

"చూడమ్మా," అన్నాను, "తలుపు మీద మనిషుంది. కాలు విరిగింది. కనపడటం లేదా?"

"కనపడుతోంది. అందుకే దించమంటున్నా, విసిరెయ్యమనడం లేదు."

అప్పటిదాకా కళ్ళు మూసుకున్న పూ అక్క తల ఎత్తింది. ఆమెకు జ్వరంగా ఉంది, కానీ నోటికి జ్వరం లేదు. "ఒసేయ్ తైజెన్, పరాయి ఇంటి తలుపు మీద ఊరేగుతున్నానా నేను? ముందే చెప్తే సిగ్గుపడేదాన్ని కదా," అంది. తర్వాత తాన్ వదిన వైపు తిరిగి, "చల్లగా బాగుందమ్మా నీ తలుపు. మీ ఆయన పనిమంతుడు. ఎక్కడా ఒక్క పేడు గుచ్చుకోలేదు," అంది.

ఆ మాటకు ఆ మనిషి కొంచెం తగ్గింది. అంచు మాత్రం వదల్లేదు.

ఈలోగా ముందు నుంచి చియావ్ వెనక్కి వచ్చింది. వరస ఎందుకు ఆగిందని అడిగింది. తాన్ వదిన మళ్ళీ మొదట్నుంచి చెప్పింది, పిల్లులతో సహా. చియావ్ వంగి తలుపు అడుగు చూసింది, నిలువు చూసింది, తన జానతో కొలిచింది. ఆమె ముఖం ఎర్రబడింది. పంతులమ్మ ముఖం ఎర్రబడటం నేను అంతకు ముందు చూడలేదు.

"పొరపాటు మాదే, వదినా," అంది. "చీకట్లో తలుపులు తారుమారు చేశాం. దీన్ని మీకు ఇచ్చెయ్యాలి."

"ఇచ్చేస్తే అక్క సంగతేంటి, కామ్రేడ్?" అన్నాను.

"ఆలోచిద్దాం."

"ఏం ఆలోచిస్తావు? ఇంత ఎత్తులో వెదురు లేదు, బల్ల లేదు, దుప్పటిలో మడిచి మొయ్యొద్దన్నాడు డాక్టరు. తలుపు తీసుకుంటే అక్క ఇక్కడే ఉండిపోవాలి. దొర మనుషులు రేపో మాపో ఈ దారినే వస్తారు. ఎర్రసైన్యం ఆడదాన్ని, అందులో కాలు కదపలేనిదాన్ని, వాళ్ళేం చేస్తారో నీకు తెలుసు, నాకు తెలుసు."

"నాకు తెలుసు, తైజెన్. గొంతు తగ్గించు. నియమం మనకు తేలిగ్గా ఉన్న రోజే పాటించడానికి కాదు. ఈ జనం కొండలెక్కి దాక్కునేది ఎందుకు? ఇంతకు ముందు వచ్చిన ప్రతి సైన్యం తలుపులు పొయ్యిలో పెట్టుకుని పోయింది కనుక. మనం కూడా పట్టుకుపోతే మనకూ వాళ్ళకూ తేడా ఏంటి?"

"తేడా పూ అక్క," అన్నాను. "ఆ సైన్యాల్లో పూ అక్క లేదు."

నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నియమాన్నీ నియమం చెప్పేదాన్నీ కలిపి వాగులో వేసి ఉండేదాన్ని. ఈ రోజుకీ ఆ మాటకు నేను సిగ్గుపడను. అక్క నన్ను ఇంట్లోంచి బయటికి తెచ్చిన మనిషి. మా అత్త కర్ర తీసుకుంటే అడ్డం నిలబడి ఆ కర్ర విరిచి పొయ్యిలో పెట్టిన మనిషి. ఆమెను చెట్టు కింద దించి, చెయ్యూపి పోవడం నావల్ల కాదు.

అక్క ఏమో చియావ్ పక్షమే ఎత్తుకుంది. "దించండే," అంది. "ఆ మిట్ట మీద గొర్రెల కొట్టం ఉన్నట్టుంది. అందులో పడుకోబెట్టి పొండి. తలుపుల గురించి మీకు రోజూ గొంతు చించుకుని చెప్పింది నేనే. ఇప్పుడు నా కాలు కోసం మార్చమంటానా?"

రెన్ కింద చూస్తూ నిలబడింది. మేము ముగ్గురం తలుపు దించలేదు, అలాగని ముందుకీ కదల్లేదు. భుజాలు విరిగిపోతున్నాయి.

తాన్ వదిన ఈ గొడవంతా వింటూ తలుపు చుట్టూ ఒకసారి తిరిగింది. అక్క కాలికి కట్టిన పుల్లలు చూసింది. రెన్ వంకరగా నిలబడ్డ తీరు చూసింది.

"ఎంత దూరం?" అని అడిగింది.

"వంతెన దాటాక ఆసుపత్రి," అంది చియావ్. "చీకటి పడేలోగా చేరాలి. దళమంతా దాటగానే వంతెన తాళ్ళు నరికేస్తారు."

"మీ ముగ్గురూ ఇలాగే మోస్తే వంతెన దాకా పోరు. ఆ ఎదర ఇరుకు దారిలో ఈ పొడుగు పిల్ల కాలు తడబడుతుంది, మనిషీ తలుపూ కలిసి వాగులో పడతారు. మనిషి సంగతి మీ ఇష్టం. నా తలుపు పగిలితే ఎవరిస్తారు?" అంటూ జనపతాడు భుజం మీంచి తీసి రెన్ చేతికిచ్చింది. "జరుగు. ఎడమ బొంగు నాది. వంతెన దాకా నా తలుపు నేను మోసుకుంటా. పైన ఎవరు పడుకున్నారో నాకు అనవసరం."

రెన్ జరిగింది. తాన్ వదిన భుజం పెట్టింది. ఒక్కసారిగా బరువు సర్దుకుని నాలుగు మూలలూ సమంగా లేచాయి. నా మెడ నరాలు వదులయ్యాయి. హాయి అంటే ఏమిటో ఎవరైనా నన్నడిగితే ఆ క్షణమే చెప్తాను.

చియావ్ ముందు వెళ్తున్న వంటదళంతో ఆసుపత్రికి కబురు పంపింది, వీలైతే ఒక స్ట్రెచర్ వంతెన దగ్గరికి పంపించమని. తర్వాత తాన్ వదినతో అంది, "వదినా, స్ట్రెచర్ వచ్చినా రాకపోయినా వంతెన దగ్గర మీ తలుపు మీ చేతిలో పెడతాను. ఇది నా మాట. అవతలికి మాత్రం మిమ్మల్ని రానివ్వలేను. కొత్తవాళ్ళను ఎవరినీ దాటించవద్దని పైనుంచి ఆర్డరు. అవతల ఉన్నవాళ్ళకే తిండి లేదు."

"నిన్నెవరు రానిమ్మన్నారు?" అంది తాన్ వదిన.

"ఇంకొకటి. ఊళ్ళోకి ఎవరైనా వచ్చారా మేము వచ్చేశాక?"

"దొర మనుషులు వచ్చారు. తాగుతున్నారు. ఈ వానలో పైకి రారు." అంతకు మించి చెప్పలేదు. చియావ్ తల ఊపి ముందుకు వెళ్ళిపోయింది.

స్ట్రెచర్ రాకపోతే అన్న మాట నన్ను వదల్లేదు. కానీ నడక మొదలయ్యాక ఎంతసేపని దిగులు పెట్టుకుంటాం? వాన తగ్గింది. కొండ మలుపు తిరగ్గానే ఎండ వచ్చింది, మా బట్టల్లోంచి ఆవిర్లు లేచాయి. ఆ కొండల్లో బరువు మోసేవాళ్ళకు ఒక అలవాటుంది. ముందున్నవాళ్ళు దారి ఎలా ఉందో పాటలా చెప్పాలి, వెనకవాళ్ళు బదులు పలకాలి. వెనకవాళ్ళకు బరువు అడ్డం వచ్చి దారి కనపడదు కదా. మా వెనక ఇన్నాళ్ళూ రెన్ ఉండేది. రెన్ బదులంటే "ఊ" ఒక్కటే.

నేను అలవాటుగా పలికాను, "ఎడమ పక్క నీటి గుంట."

వెనక నుంచి తాన్ వదిన అందుకుంది, "ఎడమ కాలికే కడుగుడంట."

సన్మే కిసుక్కుమంది. ఈసారి తను పలికింది, "ఎదరేమో జారుడు రాయి."

"ఎక్కితే చూపిస్తుంది హాయి."

"పైనేమో కొమ్మ వంగింది."

"పంతులమ్మ రాకకే దండం పెట్టింది."

పంతులమ్మ అన్న పేరు ఆమె చెవిన ఎప్పుడు పడిందో, ఎవరు వేశారో నాకు తెలీదు. సన్మే వేసే ఉంటుంది. ముందు నడుస్తున్న చియావ్ చెవులు ఎర్రబడ్డాయి గానీ వెనక్కి తిరగలేదు. పూ అక్క నవ్వితే కాలు నొప్పి, నవ్వకపోతే కడుపు నొప్పి. "ఒసేయ్, నన్ను చంపాలనుకుంటే లియావ్ దొరకే అప్పజెప్పండి, తొందరగా అయిపోతుంది," అంది. ఇరుకు దారి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటామో తెలియలేదు. కింద వాగు హోరు, పక్కన కొండ గోడ, మధ్యలో మా తలుపు పట్టేంత బాట. తాన్ వదిన ఆ బాటను పుట్టినప్పట్నుంచి తొక్కుతోంది. ఎక్కడ అడుగు పొట్టిగా వెయ్యాలో, ఎక్కడ కొండవైపు ఒరగాలో వెనక నుంచే చెప్పింది.

దాటాక ఆగాం. వంటదళం వదిలిపోయిన నిప్పుల్లో మా వంతు బంగాళాదుంపలు కాలుతున్నాయి. పైన బొగ్గు, లోపల పసుపుపచ్చటి పిండి, చేతులు కాలేంత వేడి. ఉప్పు లేదు. ఉప్పు లేకపోయినా అలాంటి దుంప మళ్ళీ నేను తినలేదు.

తాన్ వదిన తొక్కతో సహా తింది. నా వంతులో సగం ఇస్తే అదీ తింది. రెన్ ఇచ్చింది కూడా తింది.

"నాకు పోటీ వచ్చిందిరోయ్," అంది సన్మే. "వదినా, మీ ఇంట్లో పొద్దున్న వండుకోలేదా?"

"వండుకోలేదు."

"మా వల్లేనా? తలుపు కోసం పరిగెత్తి?"

"మీ వల్లే," అంది ఆమె, వేళ్ళకంటిన పిండి నాకుతూ. "రోజూ ఇలాగే తింటారా మీరు?"

"దొరికిన రోజు. దొరకని రోజు దీని గురించి మాట్లాడుకుంటాం."

"పడుకోవడం?"

"జనం తలుపుల మీద."

ఆమె మొదటిసారి నవ్వింది. ముందు పళ్ళలో ఒకటి లేదు, నవ్వితే చిన్నపిల్లలా కనిపించింది. అక్క తలుపు మీద పడుకునే, "మీ ఆయన ఏమయ్యాడమ్మా?" అని అడిగింది. మేమెవరం అడగలేనిది అక్క అడిగేది, ఎవరికీ కోపం వచ్చేది కాదు.

"వడ్రంగి. నాలుగేళ్ళ కిందట సర్కారు సైన్యం వచ్చి తుపాకీ గుళ్ళు మొయ్యమని పట్టుకుపోయింది. మళ్ళీ రాలేదు. పోయే ముందు రోజే ఈ తలుపు పూర్తి చేశాడు. అంతకు ముందు తడికే ఉండేది. తలుపు పెట్టాక లోపలా బయటా నిలబడి పదిసార్లు తెరిచాడు, మూశాడు. నేను తిట్టాను, ఇంక చాలు, అరిగిపోతుందని." ఆమె లేచి చేతులు దులుపుకుంది. "ఎక్కండి ఎక్కండి, పొద్దు పోతోంది. అదే, ఆమె ఎక్కే ఉంది కదా. మీరు ఎత్తండి."

ఆ మధ్యాహ్నం మొత్తం మాకు పండగలా గడిచింది. అలా అంటే మీరు నమ్మరు. కాళ్ళకు గడ్డి చెప్పులు, అవీ తెగినవి. కడుపులో దుంప. వెనక తరిమేవాళ్ళు, ముందు ఆకలి. కానీ భుజం మీద బరువు సమంగా పడి, పక్కన మాటకు మాట అందించే మనిషుంటే నడక నడకలా ఉండదు. అక్కను కొత్త పెళ్ళికూతుర్ని చేశాం. పల్లకీ ఎక్కిన పెళ్ళికూతురికి ఇంత బరువేంటని సన్మే, కట్నం కింద ఎముకలు విడిగా తెచ్చుకున్నానని అక్క. తాన్ వదిన, ఈ పెళ్ళికూతుర్ని ఏ ఊరివాడు చేసుకుంటాడో గానీ గుమ్మం దగ్గర తలుపుతో సహా దిగుతుంది, వాడికి లాభమే, అంది. మధ్య మధ్య నేను మాత్రం వంతెన వైపు చూసేదాన్ని. స్ట్రెచర్ వచ్చిందా, రాలేదా. రాకపోతే చియావ్ తన మాట నిలబెట్టుకుంటుంది. అలాంటి మనిషి అది. ఆమె మాట నిలబడితే అక్క ఈవలి ఒడ్డున ఉండిపోతుంది.

ఆఖరి మలుపు తిరిగాం. వెదురు తాళ్ళ వంతెన, కింద తెల్లటి నీళ్ళు. మిగతా దళమంతా అప్పటికే అవతలికి చేరింది. ఈవలి చివర ఇద్దరు మగవాళ్ళు కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర స్ట్రెచర్ ఉంది. బల్ల పరిచిన స్ట్రెచర్, కొత్తది.

సన్మే ఏడ్చేసింది. రెన్ తన జీవితంలో మొదటిసారి పెద్దగా మాట్లాడింది, "వచ్చింది," అని. అక్కను జాగ్రత్తగా మార్చాం. తాన్ వదినే కాలు పట్టుకుంది, అక్క మూలగలేదు కూడా. మార్చాక అక్క తాన్ వదిన చెయ్యి తన చెంపకు ఆనించుకుంది. "కాలు కుదిరాక మీ ఊరొస్తా. నీ గుమ్మంలో కూర్చుని టీ తాగి పోతా," అంది. తాన్ వదిన అక్క నుదుటి మీది జుట్టు వెనక్కి నెట్టింది. మగవాళ్ళిద్దరూ స్ట్రెచర్ ఎత్తుకుని వంతెన ఎక్కారు. అక్క దాటేదాకా చూస్తూ నిలబడ్డాం. అవతల నేల మీద వాళ్ళ కాళ్ళు పడ్డాక నాకు ఊపిరి ఆడింది. ఇంక ఏ తలుపు ఎవరిదైనా నాకు బెంగ లేదు.

చియావ్ బొంగులు విప్పించింది. తన చొక్కా చేతితో తలుపు మీది బురద తుడిచింది, పైనుంచి కింద దాకా. ముగ్గురం కలిసి నిలబెట్టి పట్టుకున్నాం.

"వదినా, ఇదిగో మీ తలుపు," అంది చియావ్. "ఎక్కడా దెబ్బ తగల్లేదు. తప్పు మాది, మన్నించండి. ఒక తలుపు వల్ల మా మనిషి బతికింది."

తాన్ వదిన తాడు తీసుకుంది. తలుపుకు చుట్టలేదు. తాడు చేతిలో పట్టుకుని నిలబడింది.

"తొందరగా కట్టు వదినా," అన్నాను. "వెలుతురుండగానే బయల్దేరాలి నువ్వు. నేను పట్టుకుంటాలే, వీపు తిప్పు."

"ఎక్కడికి తీసుకుపోను?" అంది.

"ఇంటికి," అంది చియావ్.

"ఏ ఇంటికి?"

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆమె గొంతు పొద్దున్నలా లేదు. అరుపు లేదు, వేళాకోళం లేదు. ఎవరికో దారి చెప్తున్నట్టు చెప్పింది.

"పొద్దున కొండ దిగి వచ్చా. గుమ్మానికి మీరు పెట్టిన తలుపు చూసి తిట్టుకుంటూ నిలబడ్డా. అంతలో దొర మనుషుల గుర్రాలు వినపడ్డాయి, జనపచేలో దూరా. దొర వచ్చి తన తలుపు నా గుమ్మానికి చూశాడు. ఇది ఎర్రవాళ్ళతో కలిసి నా ఇల్లు దోచిందిరా అన్నాడు. ముందు ఆ తలుపు జాగ్రత్తగా తీయించుకున్నాడు. తర్వాత నా ఇంటికి నిప్పు పెట్టించాడు. కప్పు తడిసి ఉంది, అంటుకోలేదు. లోపల నూనె పోసి పెట్టారు. అప్పుడు అంటుకుంది."

పొద్దుట్నుంచి ఆమె పాడిన ప్రతి బదులూ నా చెవుల్లో తిరిగింది.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు వదినా?" అన్నాను.

"చెప్తే ఏం చేసేవాళ్ళు? అయ్యో పాపం అని ఏడ్చి, తలుపు నా చేతిలో పెట్టి, ఆమెను గొర్రెల కొట్టంలో పడుకోబెట్టి పోయేవాళ్ళు. మీ ఏడుపులు నేనేం చేసుకోను? ఆ ఇంట్లోది ఇదొక్కటి మిగిలిందని గుర్తొచ్చింది, దీని వెంట వచ్చేశా. అంతే. ఆ తర్వాత సంగతి ఆలోచించలేదు."

చియావ్ తలుపును వదల్లేదు. తాన్ వదిన గుమ్మానికి దొర తలుపు ఎత్తి పెట్టింది ఎవరో మాలో అందరికీ తెలుసు. రెన్ కాదు, సన్మే కాదు, నేను కాదు. మా చేతులు ఖాళీ లేకపోతే తన చేతులతో పెట్టిన ఆ ఒక్క తలుపూ అదే. నియమం తప్పకూడదని, వానలో తడుస్తూ, అది సరిగ్గా కూర్చునేదాకా సర్దింది.

తాన్ వదినకు ఆ సంగతి తెలీదు. ఆమె చియావ్‌నే చూస్తూ అడిగింది, "ఏ గుమ్మం తలుపు ఆ గుమ్మానికే పెట్టాలని కదమ్మా మీ నియమం. చెప్పు, నన్నెక్కడ పెట్టుకోమంటావు?"

చియావ్ వంతెన వైపు చూసింది, మళ్ళీ తలుపు వైపు చూసింది. నేను పొద్దున ఆమె మీద పెట్టుకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. ఆమె తరఫున నేనైనా ఏదో ఒకటి చెప్పాలనిపించింది. కానీ ఆర్డరు పైవాళ్ళది, మాట ఆమెది, నేను స్ట్రెచర్ మోసేదాన్ని.

అవతలి ఒడ్డున గొడ్డలి పట్టుకున్నవాడు లేచి నిలబడ్డాడు. నోటి చుట్టూ చెయ్యి పెట్టి కేకేశాడు, "ఇంకా ఎంతమంది రావాలి?"

చియావ్ మా వైపు తిరిగింది. చెయ్యెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నన్ను చూపించింది. రెన్‌ను చూపించింది. సన్మేను చూపించింది. తాన్ వదిన దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు గాలిలో ఆగిపోయింది.